బ్యాగు కొనేముందు సామాను తూచండి

బ్యాగుకి కట్టిన ట్యాగు చదివితే అంతా తెలిసిపోయినట్టే ఉంటుంది. 30 లీటర్లు, 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ పడుతుంది, 600 డెనియర్ పాలిస్టర్, వాటర్ రెసిస్టెంట్, యూఎస్‌బీ పోర్టు. యూనివర్సిటీలో చేరబోయే పిల్లలూ, వాళ్ల పక్కన నిలబడ్డ అమ్మానాన్నలూ ఈ అంకెల్ని పోల్చి చూసి, ఏది పెద్దదైతే అదే మంచిదనుకుని కొనేస్తారు. ఆ అంకెలు అబద్ధాలేమీ కావు. కానీ రోజూ మోసే భుజాలకి కావలసిన సంగతి వేరే: లోపల ఎంత బరువుంది, అది వీపుకి ఎంత ఎడంగా వేలాడుతోంది? ట్యాగు ఆ సంగతి చెప్పదు. చెప్పలేదు కూడా, ఎందుకంటే అందులో ఏం పెడతారో కంపెనీకి తెలియదు.

అసలు కాలేజీ బ్యాగు కొండల మీదికని పుట్టిన వస్తువు. అంతకుముందు విద్యార్థులు పుస్తకాలు చంకలో పెట్టుకునో, తోలు పట్టీతో కట్టి చేత్తో పట్టుకునో వెళ్లేవాళ్లు. 1967లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో మొదలైన జాన్‌స్పోర్ట్ కంపెనీ కొండలెక్కేవాళ్ల కోసం చిన్న సంచులు కుట్టేది. అక్కడి వాషింగ్టన్ యూనివర్సిటీ పుస్తకాల దుకాణంలో ఆటసామాన్లు అమ్మేచోట అవి ఉండేవి. సియాటిల్‌లో వానలెక్కువ. పుస్తకాలు తడవకుండా ఉంటాయని విద్యార్థులు వాటిని కొనుక్కోవడం మొదలెట్టారు. ఆ పుట్టుక గుర్తులు ఇప్పటికీ పోలేదు. చాలా బ్యాగుల మీద రెండు చీలికలతో పంది ముక్కులాంటి తోలుముక్క ఒకటి కుట్టి ఉంటుంది, చూసే ఉంటారు. అది తాడో, మంచుగొడ్డలో కట్టుకోవడానికి పెట్టింది. క్లాసుకి మంచుగొడ్డలి తీసుకెళ్లేవాళ్లు ఎవరూ ఉండరు గానీ, అది మాత్రం అలాగే కొనసాగుతోంది.

ఇది ఊరికే చెప్పే చరిత్ర కాదు. కొండెక్కేవాడు పొద్దున ఒకసారి సర్దుకుంటాడు, సాయంత్రం విప్పుతాడు. అతని సామానులో ఎక్కువ భాగం బట్టలూ దుప్పట్లూ, అంటే చోటు ఎక్కువ తినేవి, బరువు తక్కువవి. కాబట్టి ఎన్ని లీటర్లు అన్నది అతనికి నిజంగా అవసరమైన లెక్క. విద్యార్థి సంగతి దాదాపు దీనికి తిరగబడి ఉంటుంది. వస్తువులు తక్కువ, అవి పలకల్లాంటివి, గట్టివి, బరువైనవి. పైగా రోజులో పదిసార్లు జిప్పు తీసి మూయాలి. అందుకని విద్యార్థి బ్యాగులో లీటర్ల కంటే ముందు చూడాల్సినవి వీపు వైపు అర, జిప్పు, పట్టీలు కుట్టిన చోటు.

లీటర్ల విషయం కొంచెం చెప్పుకుని వదిలేద్దాం. దీన్ని కొలవడానికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన ఎఫ్2153 అనే పద్ధతి ఉంది. 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బంతులతో బ్యాగు నింపి, ఆ బంతుల్ని కొలత గుర్తులున్న పాత్రలో పోసి చూస్తారు. బంతులు ప్రతి మూలకీ, ప్రతి చిన్న అరకీ దొర్లుకుంటూ వెళ్తాయి. ల్యాప్‌టాప్ వెళ్లదు, ఏ4 ఫైలు అంతకన్నా వెళ్లదు. పైగా ఈ పద్ధతే పాటించి తీరాలని ఎవరికీ నిర్బంధం లేదు. కాబట్టి రెండు కంపెనీల 25 లీటర్లు ఒకేలా ఉండకపోవచ్చు. మోటుగా చెప్పాలంటే 20 నుంచి 25 లీటర్లు చాలామందికి సరిపోతుంది. ల్యాబ్ కోటూ, ఆట బట్టలూ రోజూ వెంట ఉండేవాళ్లకి 28, 30 దాకా పనికొస్తుంది. అంతకు మించితే నష్టమే. చోటున్న కొద్దీ ఏదో ఒకటి పడేస్తూనే ఉంటాం, దాన్ని మళ్లీ బయటికి తీయం.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. వంటింటి తక్కెడ ఉన్నా, మనుషులు ఎక్కి తూచుకునే మిషన్ ఉన్నా చాలు. గేమింగ్ తరహా ల్యాప్‌టాప్ 2.3 కిలోలు, దాని చార్జరు ఇటుకలా ఉండి 700 గ్రాములు. నోటు పుస్తకాల్ని మనం లెక్కలోకే తీసుకోం గానీ, 80 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 80 గ్రాములుండే ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది. 200 పేజీల పుస్తకమంటే 100 కాగితాలు, అంటే అర కిలో. అలాంటివి రెండు ఉంటే కిలో. అట్టకట్టిన లావుపాటి పాఠ్యపుస్తకం ఒకటి కిలోన్నర. లీటరు నీళ్లు ఎటూ కిలో, స్టీలు సీసాతో కలిపి 1.3. గొడుగు, తిండి డబ్బా, పవర్ బ్యాంకు కలిపి ఇంకో 700 గ్రాములు. మొత్తం ఏడున్నర కిలోలు. లోపల దట్టంగా మెత్తలు కుట్టిన బ్యాగు ఖాళీగానే కిలో ఉంటుంది కాబట్టి ఎనిమిదిన్నర. 55 కిలోల మనిషికి ఇది ఒంటి బరువులో 15 శాతం దాటింది.

ఇదే లెక్క ఇంకో విద్యార్థికి వేయండి. పల్చటి ల్యాప్‌టాప్ 1.4 కిలోలు, చిన్న చార్జరు 300 గ్రాములు, ఒకే నోటు పుస్తకం, అర లీటరు నీళ్లు, చిల్లర సామాను, 600 గ్రాముల తేలిక బ్యాగు. నాలుగు కిలోలు దాటి కొంచెం. ఇద్దరూ ఒకే క్లాసులో ఉండొచ్చు, కానీ ఇద్దరికీ ఒకే బ్యాగు సరిపోదు. రెండోవాళ్లకి మామూలు పట్టీలున్న సాదా సంచి చాలు. మొదటివాళ్లకి వెడల్పు పట్టీలు, బిగుతైన వీపు పలక, ఛాతీ పట్టీ ఉండాల్సిందే. 'ఏ బ్యాగు మంచిది' అని స్నేహితుల్ని అడిగితే వచ్చే సలహాలు తరచూ పనికిరాకుండా పోయేది ఇందుకే.

ఎంత బరువు దాటితే ఎక్కువ? అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పిల్లల సంచి వాళ్ల ఒంటి బరువులో 10 నుంచి 20 శాతం దాటకూడదంటుంది. బాగా చెలామణీలో ఉన్న లెక్క ఇదే. ఇది పిల్లల కోసం చెప్పింది. పైగా సంచి బరువుకీ నడుంనొప్పికీ మధ్య సంబంధం మనం అనుకున్నంత సూటిగా లేదు. అప్పటివరకూ జరిగిన అధ్యయనాల్ని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చింది. స్కూలు సంచి వల్ల పిల్లల్లో నడుంనొప్పి వచ్చే ముప్పు పెరుగుతుందనడానికి నమ్మదగిన ఆధారం కనిపించలేదని తేల్చింది. అంటే 'ఈ బ్యాగు కొంటే వెన్ను పాడవదు' అని అమ్మేవాళ్ల మాటకీ, 'అది మోస్తే వెన్ను వంగిపోతుంది' అని భయపెట్టేవాళ్ల మాటకీ పెద్ద తేడా లేదు. అలాగని బరువుని పట్టించుకోనక్కర్లేదని కాదు. భుజాలు కోసుకుపోవడం, మెడ పట్టేయడం, మూడో అంతస్తు ఎక్కేసరికి చిరాకు రావడం నిజమే కదా. 15 శాతం దాటుతుంటే బ్యాగు మార్చడం కంటే ముందు లోపలివి తగ్గించడం గురించి ఆలోచించాలి. రోజూ మోసే పాఠ్యపుస్తకం లైబ్రరీలో దొరుకుతుందేమో, చార్జరు ఇంకోటి గదిలోనే ఉంచుకోవచ్చేమో, నీళ్లు అక్కడే పట్టుకోవచ్చేమో చూడండి. ఖాళీ సీసాతో బయల్దేరితే కిలో తగ్గినట్టే. ఏ ఖరీదైన బ్యాగూ అంత తేడా చూపించలేదు.

బరువు ఎంత అన్నదానితో సమానంగా పనిచేసేది అది ఎక్కడుంది అన్నది. వీపు వెనక ఉన్న బరువు మనిషిని వెనక్కి లాగుతుంది, పడిపోకుండా మనం ముందుకి వంగుతాం. వీపుకి ఎడం పెరిగేకొద్దీ అదే బరువు ఇంకా గట్టిగా లాగుతుంది. రెండు కిలోల ల్యాప్‌టాప్‌ని వీపుకి ఆనుకున్న అరలో పెట్టడం ఒకటి, ముందు జేబు వైపు పెట్టడం ఒకటి. కాబట్టి బ్యాగు ఎంచేటప్పుడు ల్యాప్‌టాప్ అర వీపు పలకకి ఆనుకునే ఉందా అన్నది మొదట చూడండి. ఫ్యాషన్ బ్యాగులు కొన్నిటిలో అది మధ్య గోడకి ఉంటుంది, అలాంటివి పక్కన పెట్టేయండి. అలాగే ఒకే లీటర్లున్న రెండు బ్యాగుల్లో లోతు ఎక్కువై వెనక్కి పొడుచుకొచ్చేదాని కంటే, ఎత్తుగా, పల్చగా ఉండేది మోయడానికి సుఖం. జనం కిక్కిరిసిన బస్సులో వెనకవాళ్లకీ అదే సుఖం.

పట్టీల గురించి. చాలా విద్యార్థి బ్యాగులు ఒకే సైజులో వస్తాయి, మనుషులు రారు. మెడ వంచితే కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు దాకా ఉన్నదే వీపు పొడవు. మనిషి మొత్తం ఎత్తుతో దానికి నేరుగా లెక్క కుదరదు. పొడవైన వాళ్లకీ పొట్టి వీపు ఉండొచ్చు. వేసుకుని చూడటం తప్ప దారి లేదు. పట్టీలు బిగించాక బ్యాగు అడుగు నడుంకి నాలుగు అంగుళాల కన్నా కిందికి జారకూడదు. పట్టీ భుజాన్ని హత్తుకోవాలి, పైన గాలి ఆడేంత ఖాళీ కనిపిస్తే ఆ వీపుకి అది నప్పలేదన్నమాట. ఇరుకు భుజాలున్నవాళ్లకి తిన్నటి పట్టీలు బయటికి జారిపోతుంటాయి. వాళ్లకి ఒంపు తిరిగిన పట్టీలు, వాటిని ముందు కలిపే ఛాతీ పట్టీ బాగా పనికొస్తాయి. మెత్త దళసరిగా ఉండటం గొప్ప కాదు. బొటనవేలితో నొక్కితే అడుగు దాకా అణిగిపోయే మెత్త, బరువు పడగానే అలాగే అణిగిపోతుంది. కొంచెం ఎదురు తిరిగే మెత్త కావాలి.

నడుం పట్టీ మాత్రం చాలా బ్యాగుల మీద అలంకారమే. కొండ బ్యాగుల్లో దాని పని భుజాల మీది బరువుని తుంటి ఎముకల మీదికి దించడం. అది జరగాలంటే వీపు పలకలో గట్టి చట్రం ఉండాలి, పట్టీకి మెత్తలుండాలి, అది సరిగ్గా తుంటి మీద కూర్చోవాలి. విద్యార్థి బ్యాగుకి వేలాడే సన్నటి రిబ్బన్ లాంటి పట్టీ సైకిలు తొక్కేటప్పుడు బ్యాగు ఊగకుండా ఆపుతుంది, అంతే. దానికోసం డబ్బు ఎక్కువ పెట్టకండి.

ల్యాప్‌టాప్ అర

15.6 అంగుళాల ల్యాప్‌టాప్ పడుతుందంటే అర్థం ఏమిటి? ఆ అంకె తెర మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకి కొలిచింది. అరలో దూరాల్సింది తెర కాదు, మొత్తం పెట్టె. పాత పద్ధతిలో 16:9 నిష్పత్తితో వచ్చే 15.6 అంగుళాల తెర 34.5 సెంటీమీటర్ల వెడల్పు, 19.4 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న 16:10 నిష్పత్తి 16 అంగుళాల తెర వెడల్పు కూడా దాదాపు అంతే, ఎత్తు మాత్రం 21.5. అంటే 15.6 అని రాసిన అరలో 16 అంగుళాల ల్యాప్‌టాప్ అడ్డంగా దూరుతుంది గానీ, నిలువులో రెండు సెంటీమీటర్లు తేడా వస్తుంది. నిలబెట్టి పెట్టే అరల్లో అదే వెడల్పు సమస్య అవుతుంది: మూలలు ఇరుక్కుంటాయి, జిప్పు దగ్గర బిగుసుకుంటుంది. కాబట్టి అంగుళాలు వదిలేసి, ల్యాప్‌టాప్ పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో తెలుసుకుని అరతో పోల్చండి. ల్యాప్‌టాప్ ఇంకా కొనకపోతే బ్యాగు కూడా ఆగొచ్చు.

దీనికన్నా ముఖ్యమైన పరీక్ష ఒకటుంది, అర నిమిషం కూడా పట్టదు. బ్యాగుని బల్ల మీద నిలబెట్టి, ల్యాప్‌టాప్ అరలో చెయ్యి పెట్టి, వేళ్లతో అడుగు తడమండి. కింద బల్ల గట్టిగా తగిలితే, ఒక గుడ్డ పొర మాత్రమే ఉందన్నమాట. క్లాసులో బ్యాగుని నేల మీద వదిలిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ మూల నేలకి కొట్టుకుంటుంది. మంచి బ్యాగుల్లో ఆ అర అడుగు వరకూ వెళ్లకుండా రెండు మూడు సెంటీమీటర్ల పైనే ఆగి వేలాడుతుంది. చుట్టూ ఎంత మెత్త ఉన్నా అడుగున ఇది లేకపోతే దండగ, ఎందుకంటే దెబ్బ తగిలేది అక్కడే.

నీళ్ల సీసా ల్యాప్‌టాప్ పక్కన ఉండకూడదు. ఇది చెప్పనక్కర్లేదు. కానీ చెప్పాల్సింది పక్క జేబు గురించి. కొన్ని బ్యాగుల్లో ఆ జేబుకి సొంత చోటు ఉండదు, బ్యాగు లోపలి చోటునే వాడుకుంటుంది. ఖాళీ బ్యాగులో సీసా చక్కగా దిగుతుంది, లోపల పుస్తకాలు నిండగానే పైకి తన్నుకొస్తుంది. షాపులో బ్యాగు నింపి ఉన్నప్పుడే సీసా పెట్టి చూడండి. సాగే వల జేబు ముందు చినిగేది, గుడ్డ జేబు ఎక్కువ కాలం నిలిచేది.

ముందు పోయేది గుడ్డ కాదు

డెనియర్ అంటే 9,000 మీటర్ల పొడవున్న దారం తూగే గ్రాములు. 600 డెనియర్ అంటే అంత పొడవు దారం 600 గ్రాములు ఉంటుందని. అది దారం లావు చెప్పే లెక్క. గట్టిదనం దారం దేనితో చేశారు, ఎలా నేశారు, లోపల ఏ పూత పూశారు అన్నవాటి మీద కూడా ఆధారపడుతుంది. ఒరిపిడికి నైలాన్, పాలిస్టర్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. ఎండకి రంగు వెలిసిపోకుండా ఉండటంలో పాలిస్టర్‌దే పైచేయి. నాణ్యమైన 420 డెనియర్ నైలాన్, నాసిరకం 900 డెనియర్ పాలిస్టర్ కన్నా ఎక్కువ కాలం బతికే అవకాశముంది, బరువూ తక్కువే. కాన్వాస్ చూడ్డానికి బాగుంటుంది, తడిస్తే నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఆరడానికి టైం పడుతుంది. గుడ్డ గురించి ఇంతకంటే తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. విద్యార్థి బ్యాగులు మూలపడేది సాధారణంగా గుడ్డ చిరిగి కాదు, జిప్పు పోయో, పట్టీ ఊడో.

జిప్పు సంగతి చూద్దాం. రన్నర్ వెనక వైపు చిన్న అంకె ఒకటి ఉంటుంది: 3, 5, 8, 10. మూసిన జిప్పు పళ్ల వరస వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో అది ఇంచుమించుగా చెబుతుంది. పెద్ద అరకి 8 గానీ 10 గానీ ఉంటే మంచిది, ముందు జేబుకి 5 చాలు. పెద్ద అరకే 5 పెట్టారంటే, పుస్తకాలు నింపి బలంగా లాగే చేతులకి అది ఎక్కువ కాలం ఆగదు. రన్నర్ మీద వైకేకే అని కనిపిస్తే అది 1934లో జపాన్‌లో తదావో యోషిదా మొదలుపెట్టిన కంపెనీది. నమ్మదగిన సరుకే, కానీ మొత్తం బ్యాగు మంచిదని అది హామీ కాదు. జిప్పు ఒక్కటి బాగా పెట్టి మిగతాది చవకగా కుట్టడం కష్టమేం కాదు. జిప్పు మూల దగ్గర గుండ్రంగా తిరుగుతోందా, ఒక్కసారిగా మలుపు తిరుగుతోందా చూడండి. షార్ప్‌గా తిరిగేచోటే రన్నర్ పట్టేస్తుంది. ఒక చేత్తో బ్యాగు పట్టుకోకుండా రెండో చేత్తో జిప్పు మొత్తం తీయగలిగితే అది రోజూ ఇబ్బంది పెట్టదు.

మూశాక కూడా పళ్లు విడిపోతుంటే చాలామంది జిప్పు పోయిందనుకుంటారు. నైలాన్ జిప్పుల్లో తరచూ అరిగేది పళ్లు కాదు, రన్నర్. దాని నోరు వదులై పళ్లని బిగించలేకపోతుంది. రన్నర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. దానికోసం బ్యాగు పారేసిన వాళ్లెందరో.

ఇక కుట్లు. బ్యాగు లోపలి వైపు తిప్పి, భుజం పట్టీ పైన కలిసేచోటు చూడండి. దగ్గర దగ్గరగా అటూ ఇటూ పోయిన దట్టమైన కుట్టు గానీ, పెట్టెలో ఇంటూ గుర్తు వేసినట్టున్న కుట్టు గానీ ఉండాలి. ఒకే వరస కుట్టుంటే బరువంతా ఆ ఒక్క దారం మీదే. పట్టీ కింది కొస బ్యాగు అడుగున కలిసేచోట చిన్న ముక్కోణపు గుడ్డముక్క ఉంటుంది, దాని మధ్యలోంచి పట్టీ వచ్చి ఉంటే బలం. అలా కాకుండా పక్క కుట్టులో నేరుగా దూర్చేసి ఉంటే తెగేది మొదట అక్కడే. లోపలి కుట్ల అంచులకి టేపు చుట్టి ఉందా, లేక గుడ్డ పోగులు బయటికి వేలాడుతున్నాయా అన్నది కూడా కళ్లకి కనబడే విషయమే. ఈ మూడు చోట్లూ చూడ్డానికి రెండు నిమిషాలు పడుతుంది. బ్రాండ్ పేరు కంటే అవే ఎక్కువ చెబుతాయి.

వాన విషయంలో 'వాటర్ రెసిస్టెంట్', 'వాటర్‌ప్రూఫ్' అన్నవి వేర్వేరు. గుడ్డ వెనక పూసే పాలియురేథేన్ పూత నీళ్లని ఆపుతుంది. కానీ బ్యాగుకి వేసిన ప్రతి కుట్టూ ఆ పూతకి వేసిన చిల్లే, ప్రతి జిప్పూ ఒక కాలవే. కుట్లు లేకుండా అతికించి, నోరు మడిచి మూసే బ్యాగులే నిజంగా నీళ్లు చొరనివి. వాటిని రోజుకి పదిసార్లు మడిచి విప్పడం విద్యార్థికి విసుగు. మామూలు బ్యాగు పదిహేను నిమిషాల చినుకులకి ఆగుతుంది, కుండపోతకి ఆగదు. పైన తొడిగే వాన కవరు మంచిదే గానీ వీపు వైపు అది కప్పదు. చొక్కా మీదుగా కారే నీళ్లు అక్కడి నుంచే లోపలికి పోతాయి, అదే వైపు ల్యాప్‌టాప్ ఉంటుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌కి విడిగా ఒక తొడుగు, లేదా కనీసం మందపాటి ప్లాస్టిక్ సంచి లోపల పడేసి ఉంచుకోవడం చవకైన ఉపాయం. ఇంకో సంగతి, ఆ పాలియురేథేన్ పూత తేమలో ఏళ్ల తరబడి ఉంటే జిగటగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. వాషింగ్ మిషన్‌లో వేస్తే ఇంకా తొందరగా పోతుంది. తడిసిన బ్యాగుని మడిచి బీరువాలో పెట్టకండి.

యూఎస్‌బీ పోర్టు గురించి ఒక్క మాట: అది కరెంటు ఇవ్వదు. లోపల ఒక చిన్న వైరు ఉంటుంది, పవర్ బ్యాంకు మీరే కొని దానికి తగిలించాలి. ఆ పని మామూలు కేబుల్ చేస్తుంది. బ్యాగుకి అదొక చిల్లు, అంతే. లైఫ్‌టైమ్ వారంటీ అని రాసి ఉంటే షరతులు చదవండి. ఆ లైఫ్ చాలాచోట్ల మీది కాదు, బ్యాగుది. తయారీ లోపాలకి వర్తిస్తుంది గానీ వాడి వాడి అరిగినదానికి కాదు. దీనికంటే నాకు బాగా నచ్చేది, ఎవరూ ప్రకటనల్లో చెప్పని గుణం: లోపలి గుడ్డ లేత రంగులో ఉండటం. నల్ల బ్యాగులో నల్ల లోపలి గుడ్డ ఉంటే పెన్‌డ్రైవూ, తాళంచెవీ, నల్ల చార్జరూ వెతుక్కోవడానికి ప్రతిసారీ సగం సామాను బయటికి తీయాలి.

ఎప్పుడు కొనాలన్నది కూడా ఎంపికలో భాగమే, ఇందులోనే చాలామంది తొందరపడతారు. చేరకముందే కొంటే, ఊహించుకున్న సామానుకి బ్యాగు కొన్నట్టు అవుతుంది. ఏ క్లాసుకి పుస్తకం తేవాలో, ఏ క్లాసుకి ల్యాప్‌టాప్ చాలో, మధ్యలో గదికి వచ్చే వీలుందో లేదో, లాకర్ దొరుకుతుందో లేదో మొదటి రెండు మూడు వారాలు గడిస్తే గానీ తెలియదు. అప్పటిదాకా పాత స్కూలు బ్యాగు చాలు. టైంటేబుల్ కుదురుకున్నాక, వారంలో ఎక్కువ సామాను పట్టే రోజు ఏదో చూసి, ఆ రోజు సామాను మొత్తం తూకం వేయండి. తర్వాత అదే సామాను పాత బ్యాగులో పెట్టుకుని షాపుకి వెళ్లండి. నచ్చినదానిలోకి అక్కడే మార్చి వేసుకుని, షాపులో పది నిమిషాలు తిరగండి, మెట్లుంటే ఎక్కి దిగండి. ఆన్‌లైన్‌లో కొంటే ఈ పని ఇంట్లో, ట్యాగు తీయకుండా, వాపసు గడువు దాటకముందే చేయండి. ఖాళీ బ్యాగు వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏ బ్యాగైనా బాగానే ఉంటుంది.